చంటిబిడ్డతో కారులో సముద్ర దీవులకు: నీళ్లు దాటే చోటు నుంచి మొదలయ్యే ప్లాన్

మామూలు రోడ్డు ట్రిప్పుకీ దీవి ట్రిప్పుకీ ఒక్కటే పెద్ద తేడా. మామూలు దారిలో పాప గుక్కపట్టి ఏడిస్తే బండి పక్కకు ఆపుకోవచ్చు, వెనక్కి తిరగొచ్చు, దగ్గర్లో ఏదో ఊళ్లో ఆగిపోవచ్చు. దీవికి వెళ్లే దారిలో ఒక చోట ఆ వీలు ఉండదు. అక్కడ ఫెర్రీ (కార్లనూ ఎక్కించుకునే ఓడ) టైమో, వంతెన మీద గాలో, సముద్రపు పోటో చెప్పినట్టు మనం నడుచుకోవాలి. అందుకే ఈ ట్రిప్పు ప్లాన్ హోటల్ బుకింగ్‌తోనో, చూడాల్సిన బీచ్‌ల లిస్టుతోనో మొదలుపెట్టకూడదంటాను. నీళ్లు దాటే చోటు దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి ఇంటి వరకూ, ముందుకు గది వరకూ లెక్క వేసుకుంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

ఇక్కడ రాసినవన్నీ ముఖ్యంగా ఏడాదిలోపు పిల్లల కోసం.

మొదటి అడుగు: దీవికి దారి ఏ రకమో చూసుకోండి

కారులో దీవికి చేరే దారులు మూడు రకాలు. మొదటిది వంతెన. రామేశ్వరానికి 1988లో ప్రారంభమైన పాంబన్ రోడ్డు వంతెన, కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కు 1997లో తెరిచిన దాదాపు 13 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ బ్రిడ్జి ఇలాంటివే. అమెరికాలోని ఫ్లోరిడా కీస్‌లో అయితే 42 వంతెనలతో సుమారు 180 కిలోమీటర్ల ఒకే రోడ్డు దీవి నుంచి దీవికి గెంతుకుంటూ పోతుంది. వంతెన ఉంటే టైముతో పేచీ లేదు. కాకపోతే పొడవాటి వంతెనల మీద ఆగడానికి ఉండదు, కాబట్టి ఎక్కే ముందే పాలు, డైపరు పని పూర్తవ్వాలి. గాలి ఉధృతంగా ఉన్న రోజుల్లో కొన్ని వంతెనల మీదకు ఎత్తైన వాహనాలను రానివ్వరు. మీది క్యాంపర్ వ్యాన్ అయితే ఇది మీకూ వర్తిస్తుంది.

రెండోది ఫెర్రీ. దీని గురించి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే చంటిపిల్లతో అసలు పరీక్ష అక్కడే.

మూడోది సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే బయటపడే రోడ్డు. ఇంగ్లండ్‌లో లిండిస్‌ఫార్న్ దీవికి, ఫ్రాన్స్‌లో నువార్‌ముటియే దీవికి ఇలాంటి దారులున్నాయి. పోటు వచ్చిందంటే రోడ్డు మునిగిపోతుంది. చాలా తీరాల్లో రెండు పోట్ల చక్రం పూర్తవడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది కాబట్టి, దాటే సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్న పదింటికి దాటాం కదా, ఇవాళా పదింటికే వెళ్దాం అనుకుంటే కుదరదు. స్థానిక అధికారులు ప్రకటించే సురక్షిత సమయాల పట్టికలో ఆ రోజు తేదీ పక్కన ఉన్న సమయమే చూడాలి. చివరి పది నిమిషాల్లో దాటేద్దాంలే అనే ధైర్యం పాప కారులో ఉన్నప్పుడు వద్దు. నువార్‌ముటియేకి వేరే వంతెన కూడా ఉంది. అలాంటి చోట పాపతో వెళ్లేవాళ్లు వంతెనే ఎంచుకోవడం మేలు.

నా సలహా అడిగితే, మొదటి ట్రిప్పుకు వంతెన ఉన్న దీవినే పెట్టుకోండి. ఫెర్రీ సరదా కూడా కావాలంటే స్కాట్లండ్‌లోని స్కై దీవిలా వంతెనా, ఫెర్రీ రెండూ ఉన్న చోటు చూసుకోండి. ఫెర్రీ రద్దయితే చుట్టు తిరిగైనా చేరుకోవచ్చు.

రెండో అడుగు: డాక్టర్ దగ్గరకు ఒకసారి

నెలలు నిండకుండా పుట్టినా, ఊపిరి సమస్యలున్నా, మరీ పసిగుడ్డయినా కార్ సీటులో (కారు సీటుకు బిగించే పిల్లల ప్రత్యేక సీటు) ఎంతసేపు కూర్చోబెట్టవచ్చో డాక్టర్‌నే అడగాలి. వెళ్లే చోటుకు తగ్గ టీకాలు, జ్వరం మందు డోసు పాప ఇప్పటి బరువుకు ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. అర్ధరాత్రి ఫోన్ సిగ్నల్ లేని చోట ఆ కాగితమే పనికొస్తుంది.

దీవిలో ఆసుపత్రి ఉందా, ఉంటే పిల్లలను చూస్తారా, రాత్రి ఫెర్రీ లేనప్పుడు అత్యవసరమైతే రోగులను ఎలా తరలిస్తారు అనేవి గది బుక్ చేసేముందే కనుక్కోవాలి. దీనికి సరైన జవాబు దొరకని దీవిని పాప కాస్త పెద్దయ్యాక చూడొచ్చు.

మూడో అడుగు: కార్ సీటు

పాప ముఖం కారు వెనకవైపు ఉండేలా సీటు బిగించాలి. యూరప్‌లో అమల్లో ఉన్న ఆర్129 ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలలు దాటేదాకా ఇలాగే ఉంచాలి. సీటు అనుమతించే ఎత్తు, బరువు దాటనంతవరకూ ఇలాగే కొనసాగించమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

బయల్దేరే రోజు పొద్దున హడావుడిలో కాదు, రెండు రోజుల ముందే నింపాదిగా సరిచూడండి. బెల్టు వెళ్లే చోట సీటును పట్టుకుని అటూ ఇటూ కదిపితే రెండున్నర సెంటీమీటర్లకు మించి జరగకూడదు. పాపను కూర్చోబెట్టి పట్టీలు బిగించాక, భుజం దగ్గర పట్టీని బొటనవేలితో, చూపుడువేలితో గిల్లినట్టు పట్టుకోండి. మడత వేళ్లకు చిక్కిందంటే ఇంకా వదులుగా ఉన్నట్టే. మందపాటి స్వెట్టర్ తొడిగి బిగిస్తే పట్టీ గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, గుద్దుకున్నప్పుడు స్వెట్టర్ నలిగిపోయి పాప జారిపోతుంది. స్వెట్టర్ తీసి పట్టీలు బిగించి, పైన దుప్పటి కప్పండి. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతోందేమో చూడండి. అలా ఆనితే ఊపిరి ఆడడం కష్టమవుతుంది. సీటు వాలు సరిచేయాలి.

అద్దె కారు తీసుకుంటుంటే సొంత సీటు వెంట తీసుకెళ్లడమే నయం. అక్కడిచ్చే సీటు ఎన్నేళ్లదో, ఇంతకుముందు ఏ ప్రమాదంలో ఉందో మనకు తెలిసే దారి లేదు.

నాలుగో అడుగు: ఫెర్రీ టైము నుంచి వెనక్కి లెక్క

ఉదాహరణకు ఏడు నెలల పాప అనుకుందాం. పొద్దున ఆరున్నరకు లేస్తుంది, లేచిన రెండు గంటలకు మళ్లీ కునుకు తీస్తుంది. రేవుకు రెండు గంటల దూరం. ఫెర్రీ పన్నెండింటికి, గేటు పదకొండుంబావుకు మూసేస్తారు.

పన్నెండు నుంచి కాదు, గేటు మూసే టైము నుంచి వెనక్కి రండి. అరగంట అదనంగా పెట్టుకుంటే పది ముప్పావుకు రేవులో ఉండాలి. ఎనిమిదింబావుకు బయల్దేరితే పావుగంటలో పాప నిద్రలోకి జారుకుంటుంది. తొమ్మిది ముప్పావుకు, అంటే గంటన్నర డ్రైవింగ్ తర్వాత, ఆపాలి. అరగంట ఆగి డైపర్ మార్చి, పాలు పట్టి, చాప మీద కాసేపు పొర్లనివ్వాలి. మిగిలిన అరగంట దారి మెలకువగా ఉన్నా గొడవ చేయదు. పన్నెండు దాటాక ఓడలో మళ్లీ నిద్ర టైము. ఇలా వేసుకుంటే ఫెర్రీలో పాప పడుకునే వీలుంది. తలకిందులైతే ఓడంతా వినేలా ఏడుస్తుంది. పాప ఏ రోజు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, కానీ లెక్క ఉన్నవాళ్లకు దాన్ని సర్దుకోవడం తేలిక.

పాపను కార్ సీటులో ఒకేసారి రెండు గంటలకు మించి ఉంచకూడదన్నది పాటించాల్సిన హద్దు. మరీ పసిగుడ్డయితే ఇంకా తక్కువ, దాదాపు అరగంటకోసారి ఎత్తుకుని ఒళ్లు సాగదీయనివ్వాలి. కాబట్టి మ్యాప్ నాలుగు గంటలంటే మీరు ఆరు అనుకోండి. కుదిరితే వెనక సీటులో పాప పక్కన ఒకరు కూర్చోవాలి. పాప నిద్రపోతోంది కదా అని ఆపకుండా పోనిచ్చే ఆశ చాలామందికి కలుగుతుంది. గంటన్నర, రెండు గంటలకు మాత్రం ఆపాల్సిందే. డ్రైవ్ చేసేవాళ్ల కళ్లకూ అది అవసరమే.

టికెట్ కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి: చంటిపిల్లకు టికెట్ ఉచితమైనా పేరు నమోదు చేయాలా, కారు మీద క్యారియర్ పెడితే ఎత్తు మారుతుందా, రద్దయితే తర్వాతి ఫెర్రీలో చోటిస్తారా. రెండో దాన్ని చాలామంది పట్టించుకోరు. తీరా గేటు దగ్గర సమస్య అవుతుంది.

ఐదో అడుగు: సామాను రెండు భాగాలు

డిక్కీలో పెట్టేది ఒకటి, చేతిలో ఉండేది ఇంకొకటి. చేతి సంచిలో ఓడలో గడిపే సమయానికీ, ఆలస్యమైతే ఇంకో మూడు నాలుగు గంటలకూ సరిపడా డైపర్లు, తడి టిష్యూలు, పాలు, రెండు జతల బట్టలు, పాపతో పాటు మీకూ ఒక చొక్కా, మురికి బట్టలకు మూతి బిగించే కవర్లు, పలచటి దుప్పటి, టోపీ, మందులు ఉండాలి. బొమ్మలు ఒకటో రెండో చాలు. ఎన్ని సర్దినా చివరికి పాప ఆడేది ఖాళీ వాటర్ బాటిల్‌తోనే, మూత మాత్రం తీసి దాచేయండి, నోట్లో పెట్టుకుంటుంది.

డైపర్లు, పాలపొడి, రోజూ వేసే మందులు మొత్తం ట్రిప్పుకు కావాల్సిన దానికన్నా ఒక రోజుకు ఎక్కువ తీసుకోండి. చిన్న దీవుల్లో మీ పాపకు అలవాటైన బ్రాండు పాలపొడి దొరకకపోవచ్చు.

ఆరో అడుగు: రేవులో, ఓడలో

రేవులో క్యూ కదలకుండా ఎండలో నిలబడే సమయం ఎక్కువ. ఏసీ ఆపేసిన కారు పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు వేడెక్కుతుంది, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. పాపను లోపల వదిలి టికెట్ చూపించి వస్తాననుకోవద్దు, ఒక్క నిమిషమైనా సరే. క్యూ కదలదని తెలిస్తే పాపను తీసుకుని నీడకు వెళ్లిపోవాలి, డ్రైవర్ ఒక్కరే కారు దగ్గర ఉంటారు.

గేటులోనే సిబ్బందికి ఒక మాట చెప్పండి: చంటిపాప ఉంది, సీటు ఉన్న వైపు డోరు పూర్తిగా తెరుచుకునే చోటు కావాలి అని. కార్ డెక్ మీద, అంటే ఓడలో కార్లు నిలిపే అంతస్తులో, బళ్లను పక్కపక్కనే ఎంత దగ్గరగా ఆపిస్తారంటే, పెద్దవాళ్లే పొట్ట లోపలికి పీల్చుకుని దిగాలి. ఆ సందులోంచి కార్ సీటులో బిగించిన పాపను బయటికి తీయడం తలకు మించిన పని. ముందే చెబితే గోడ వైపో, లైను చివరో చోటిచ్చే అవకాశం ఉంది.

బండి ఆపాక ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరులో వదలండి. చాలా ఓడల్లో ప్రయాణంలో కార్ డెక్‌కు వెళ్లనివ్వరు, అందుకే చేతి సంచి మర్చిపోతే అంతే సంగతులు. స్ట్రోలర్ కూడా బండిలోనే ఉంచండి, మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. పాపను ఛాతీకి కట్టుకునే క్యారియర్‌లో వేసుకుంటే మీ రెండు చేతులూ రెయిలింగ్ పట్టుకోవడానికి ఖాళీగా ఉంటాయి. క్యారియర్‌లో పాప ముఖం ఎప్పుడూ కనబడాలి, మీరు తల వంచితే నుదుటిపై ముద్దు పెట్టేంత ఎత్తులో ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. కారు ఏ డెక్ మీద, ఏ మెట్ల పక్కన ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. దిగే వేళ అందరూ ఒకేసారి పరిగెత్తుతారు, అప్పుడు ఆ నంబరు గుర్తుకు రాదు.

ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ. రెండేళ్లలోపు పిల్లలకు ఓడ ఊపుకు కడుపులో తిప్పడం సాధారణంగా తక్కువే. ఇబ్బంది పడేది ఎక్కువగా ఎత్తుకున్నవాళ్లే. మీకు వికారం అలవాటైతే మాత్ర గురించి ముందే డాక్టర్‌తో మాట్లాడండి, ముఖ్యంగా పాలిచ్చే తల్లులు. పసిపిల్లల లైఫ్ జాకెట్ ఎక్కడ ఉంటుందో సిబ్బందిని ఎక్కగానే అడగండి. పై డెక్ మీద ఫోటోలు తీసుకోవచ్చు కానీ, పాపతో రెయిలింగ్‌కు ఆనుకుని నిలబడొద్దు.

ఏడో అడుగు: పాలు, నీళ్లు

తల్లిపాలు తాగే పిల్లలకు దారిలో కష్టం తక్కువ. పిండి పెట్టుకున్న పాలు 25 డిగ్రీల లోపు గది వేడిలో 4 గంటలు, ఐస్ ప్యాకులున్న కూలర్ బ్యాగులో 24 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకూ ఉంచవచ్చు. ఎండలో నిలబెట్టిన కారులో ఆ 4 గంటల లెక్క వర్తించదు, కూలర్ బ్యాగే వాడాలి. పాలపొడి అయితే కలిపి తీసుకెళ్లకండి. కొలిచిన పొడి విడిగా, మరిగించిన నీళ్లు ఫ్లాస్కులో పెట్టుకుని అప్పటికప్పుడు కలపండి. నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడి ఉంటే పొడిలో ఉండే క్రిములు చస్తాయి. కలిపాక చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. కలిపిన పాలు 2 గంటల్లో వాడేయాలి, పాప తాగడం మొదలుపెట్టాక గంటలో మిగిలింది పారబోయాలి.

ఆరు నెలల లోపు పిల్లలకు ఎంత వేడిగా ఉన్నా నీళ్లు పట్టనక్కర్లేదు, పాలే ఎక్కువసార్లు పట్టండి. డైపర్ తడిసే సంఖ్య మామూలు రోజుల కన్నా బాగా తగ్గినా, నోరు ఎండినా, ఏడ్చినప్పుడు కన్నీళ్లు రాకపోయినా, మాడు లోపలికి గుంతలా పోయినా ఒంట్లో నీరు తగ్గినట్టు. రేపటిదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి.

ఎనిమిదో అడుగు: గది

బీచ్‌కు ఎంత దగ్గర అనే దానికన్నా, గదిలో ఫ్రిజ్, నీళ్లు కాచుకునే కెటిల్, చీకటి చేసే కర్టెన్లు, కింది అంతస్తు లేదా లిఫ్టు ఉన్నాయా అన్నది ముఖ్యం. పాప గట్టి పరుపు మీద వెల్లకిలా, ఏ దిండూ బొమ్మా లేని చోట పడుకోవాలి. సోఫా మీదో, కార్ సీటు గదిలోకి తెచ్చి అందులోనో రాత్రంతా పడుకోబెట్టకూడదు. బాల్కనీ ఉంటే గడియ, కమ్మీల మధ్య ఎడం వెళ్లగానే చూడండి.

తొమ్మిదో అడుగు: ఇసుక, ఎండ, నీళ్లు

బీచ్‌కు పొద్దున్నే వెళ్లండి, లేదా సాయంత్రం నాలుగు దాటాక. మధ్యాహ్నం గదిలో కునుకుకే. ఆరు నెలల లోపు పిల్లలను నేరుగా ఎండలో ఉంచకూడదు. నీడ, పొడుగు చేతుల పలచటి బట్టలు, వెడల్పాటి టోపీ, ఇవే వాళ్లకు రక్షణ. గొడుగు కింద ఉన్నాం కదా అని నిశ్చింతగా ఉండలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొడి ఇసుక సూర్యుడి యూవీ కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, అలల నురుగు సుమారు 25 శాతాన్ని తిప్పి కొడతాయి. ఎండ పైనుంచే కాదు, కింది నుంచీ తగులుతుందన్నమాట. ఆరు నెలలు దాటాక పిల్లల సన్‌స్క్రీన్ వాడొచ్చు.

స్ట్రోలర్ మీద ఎండ పడకుండా పలచటి బట్ట కప్పేస్తుంటారు. చూడ్డానికి చల్లగా ఉంటుంది, లోపల మాత్రం గాలి ఆడక పెనంలా వేడెక్కుతుంది. బట్ట కప్పకుండా స్ట్రోలర్‌నే నీడ వైపు తిప్పండి. కారు దగ్గరకు తిరిగొచ్చాక పాపను కూర్చోబెట్టే ముందు పట్టీలు లాక్ అయ్యే సీటు బకుల్‌ను చేత్తో తాకి చూడండి. ఎండలో ఉన్న ఇనుప ముక్క లేత తొడకు చురుక్కుమనేంత వేడిగా ఉంటుంది. కారు దిగేటప్పుడే సీటు మీద తెల్ల తువ్వాలు కప్పి వెళ్తే ఈ గొడవ ఉండదు.

సముద్రం నీళ్లు పసిపిల్లలకు చాలా చల్లన. ఆరు నెలల లోపు వాళ్లకు 32 డిగ్రీల దాకా ఉన్న నీళ్లు కావాలి, సముద్రం అంత వెచ్చగా ఉండడం అరుదు. కాళ్లు తడిపి మురిపించి, వెంటనే ఆరబెట్టి ఎత్తుకుంటే చాలు. తడి ఒంటికి సముద్రపు గాలి తగిలితే ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. చిన్న టబ్బులో ఆడిస్తే చేతికందే దూరంలోనే ఉండాలి, కొద్ది సెంటీమీటర్ల నీళ్లలోనూ పిల్లలు మునిగిపోతారు. కంట్లో ఇసుక పడితే రుద్దకుండా మంచి నీళ్లతో కడగాలి. ఒంటికి అంటిన ఇసుకను ఆరాక పొడి బట్టతో దులిపితే రాలిపోతుంది, తడిగా తుడిస్తే గీరుకుంటుంది.

దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే రెండు నెలల లోపు పిల్లలకు వాడొద్దు, దోమతెరే మేలు. నిమ్మ యూకలిప్టస్ నూనె ఉన్నది మూడేళ్లలోపు వాళ్లకు వాడకూడదు.

మూడు నెలల లోపు పాపకు 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్ జ్వరం కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు, నేరుగా ఆసుపత్రికే.

తిరుగు ప్రయాణం

చివరి రోజు చివరి ఫెర్రీ బుక్ చేయకండి. అది రద్దయితే మరో దారి ఉండదు. దానికి ముందుదో, ఇంకా ముందుదో తీసుకోండి. తుఫాన్లు వచ్చే కాలంలో వెళ్తే మరీ ముఖ్యం. ఫ్లోరిడా కీస్ లాంటి చోట జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ల సీజన్, ఖాళీ చేయమన్నప్పుడు అందరూ ఆ ఒక్క రోడ్డు మీదకే వస్తారు. హెచ్చరిక వచ్చిందంటే మిగిలిన రోజుల గది డబ్బు చూసుకోకుండా ముందే బయటపడాలి. దీవిలో ఉన్నన్ని రోజులూ ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోండి. చిన్న దీవుల్లో బంకు ఒక్కటే ఉండొచ్చు, అదీ తొందరగా మూసేయొచ్చు.

బయల్దేరే ముందు కార్ సీటు బకుల్ పరీక్షించాలి. బీచ్ నుంచి వచ్చిన ఇసుక అందులో ఇరుక్కుంటే పట్టీ చివరి ఇనుప నాలుక పైకి పట్టుకున్నట్టే ఉంటుంది కానీ లాక్ పడదు. పాపను కూర్చోబెట్టకముందే పట్టీలు పెట్టి చూడండి. క్లిక్‌మని వినబడాలి, గట్టిగా లాగినా ఊడిరాకూడదు. అనుమానంగా ఉంటే మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలోనే శుభ్రం చేయండి. నూనె గానీ, సబ్బు గానీ వేయకూడదు. పట్టీలను తడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. ఈ పని గదిలో ఉన్నప్పుడే, ముందు రోజు సాయంత్రమే చేసుకోవాలి. రేవులో క్యూలో నిలబడ్డాక అంత తీరిక దొరకదు.